సున్నం కింది పేరు

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి, గ్రీసులోని థెస్సలోనికీలో ఎఫ్తలియా ఇంటి పెరటి మెట్టు మీద అక్షరాలు బయటపడ్డాయి.

ఈస్టర్ ముందు మెట్లకు సున్నం కొట్టడం ఆ ఇంటి అలవాటు. ఈసారి పాత సున్నం గీకి కొత్తది వేద్దామని మనవరాలు ఫొతినీ కూర్చుంది. పొరలు ఊడాక పాలరాయి కనిపించింది, దాని మీద హీబ్రూ రాత.

"ఇది యూదుల సమాధి రాయి, నానమ్మా."

రెండో ప్రపంచ యుద్ధమయ్యాక ఆ మెట్టు వేసింది ఎఫ్తలియా భర్త. రాయి మేస్త్రీ దగ్గర కొన్నానని చెప్పేవాడు.

కొడుకు స్త్రాతోస్ సున్నం బకెట్ తెచ్చాడు. "మళ్లీ కొట్టేద్దాం. నాన్న సమాధులు తవ్వుకున్నాడంటారు. పోయినాయన పరువు తీస్తావా అమ్మా?"

"నేను కాపురానికొచ్చినప్పటి నుంచి తొక్కుతున్నానురా. ఎవరినో తెలుసుకోవద్దూ?"

"తెలిసి ఏం చేస్తావు?"

"ముందు తెలియనీ."

మర్నాడు ఫొతినీ నానమ్మను బస్సెక్కించింది. రేవు దగ్గర చౌకులో దిగారు. జర్మన్లు యూదు మగవాళ్లను ఎండలో నిలబెట్టి గుంజీళ్లు తీయించింది అక్కడేనని ఫొతినీ చెప్పింది.

"ఇక్కడే కదే నేను బస్సు మారేదాన్ని!"

పాత రైల్వే స్టేషన్‌కు వెళ్లారు. యూదులను చావు శిబిరాలకు మోసుకెళ్లిన రైళ్లు అక్కడి నుంచే పోలండ్‌కు వెళ్లాయి.

"ఎవరూ ఎదురు తిరగలేదా?"

"కొందరు కొండలెక్కి గెరిల్లాల్లో చేరారు. కాళ్లు నొప్పా నానమ్మా?"

"చెవులు బాగానే ఉన్నాయి, చెప్పు."

చివరగా ఫొతినీ చదివే యూనివర్సిటీకి వచ్చారు. "వాళ్ల పాత శ్మశానం ఉన్నది ఇక్కడే. దాన్ని తీసేయడానికి జర్మన్లు సరేనన్నారు, మన మునిసిపాలిటీ కూలీలు తవ్వారు. రాళ్లు ఊరంతా వాడుకుంది."

ఎఫ్తలియా చుట్టూ చూసింది. "రాత చదవగలిగేవాళ్లు ఎక్కడుంటారు?"

గురువారం ఉదయం యూదు సంఘం నుంచి ఒకాయన వ్యాన్‌లో వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని చదివాడు. "జోయా. మోషే కూతురు. పంతొమ్మిదేళ్లకు పోయింది."

"జోయా," అంది ఎఫ్తలియా. "తీసుకెళ్లండి."

స్త్రాతోస్ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "వీధంతా చూస్తోందమ్మా!"

"చూడనీ. మీ నాన్నకు తెలుసో లేదో అడుగుదామంటే ఆయన లేడు. ఈ పిల్ల ఎవరో మాత్రం తెలిసింది. తెలిశాక మళ్లీ సున్నం కొట్టమంటావా?"

స్త్రాతోస్ గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. వచ్చినాయన గునపం రాతి కింద పెట్టి ఎత్తబోయాడు.

"అలా ఎత్తితే అంచు విరుగుతుంది," అన్నాడు స్త్రాతోస్. గునపం తను తీసుకున్నాడు. ఎఫ్తలియా చేత్తో కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నానికి రాయి ఊరి శివారు స్తవ్రూపోలీలోని యూదుల కొత్త శ్మశానం చేరింది. వ్యాన్ నుంచి దింపేటప్పుడు ఒక కొస స్త్రాతోస్ పట్టుకున్నాడు.