ఓరకు నడువు

ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చిన ప్రకాశం చొక్కా కూడా మార్చుకోకుండా టీవీ ముందు కూర్చున్నాడు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చేతులకు ఆదివారం సెలవే గానీ, ఆ ఇంట్లో రాణి సీరియల్‌కి మాత్రం సెలవు లేదు. పాత భాగాలు మళ్లీ వేసినా వదలడు. కోట కూలుతుంటే కుర్చీ అంచుకి జరుగుతాడు. రాణి గుర్రమెక్కితే తానే ఎక్కినంత సంబరపడతాడు. అది హిందీలో తీసిందనీ, తెలుగు గొంతులు వేరేవాళ్లవనీ ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం ముఖం మాడ్చుకుంటాడు.

ఎందుకంటే ఆ వేరేవాళ్లలో అతని కూతురు నిస్సి ఒకతె. మూడేళ్ల కింద నర్సింగ్ చదువు మధ్యలో వదిలేసి, హైదరాబాద్‌లో డబ్బింగ్ చెప్పడానికి వెళ్లింది. యుద్ధాల్లో, సంతల్లో అరిచే గుంపులో ఒక గొంతు. అప్పటి నుంచి కూతురు ప్రయాణమైతే గుమ్మం దాకా రావడం కూడా మానేశాడు ప్రకాశం.

"నాయినా, ఈ సీరియల్‌ను సినిమా తీసిండ్రు. మూడు టికెట్లు తెచ్చిన. మ్యాట్నీకి పోదాం," అంది నిన్ననే హైదరాబాద్ నుంచి వచ్చిన నిస్సి.

ప్రకాశం లేచి అల్మారలోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "కాలేజోళ్లు ఆఖరి మోకా ఇచ్చిండ్రు. రేపే దరఖాస్తు ఇయ్యాలె. ముందు సంతకం పెట్టు."

"నాకు గీ పనే మంచిగున్నది నాయినా."

"ఏం పని? మూడేండ్ల సంది చూస్తున్న. ఒక్కనాడన్న నీ పేరు కనవడ్డదా? మందిల కలిసి ఒర్రుడు గూడ పనేనా?"

వంటింట్లోంచి తల్లి ఎలిశిబా గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "జర నిమ్మలంగ మాట్లాడుండ్రి! పిల్ల నిన్ననే వచ్చింది."

"గారాబం జేసి చెడగొట్టింది నువ్వే!"

నిస్సి కళ్లు తుడుచుకొని కాగితం బ్యాగులో పెట్టుకుంది. "సినిమా చూడు నాయినా. చూసినంక గూడ పెట్టుమంటే పెడ్త. మళ్ల డబ్బింగ్ మాటెత్తను."

గెలుపు తనదేనన్న ధీమాతో ప్రకాశం సినిమా హాల్లో పాప్‌కార్న్ కూడా కొన్నాడు.

ఏనుగులు, ఫిరంగులు, రాణి కత్తిసాము చూస్తూ కోపం సంగతే మరచిపోయాడు. ఇంటర్వెల్ తర్వాత ఏటి ఒడ్డున పడవ నడిపే ఒక తల్లి వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కూతురు రాణి సైన్యంలో చేరి గుర్రమెక్కింది. వెనక వందల గుర్రాలు. తల్లి ఆ గుర్రం కళ్లెం పట్టుకుని అంది:

"పైలం బిడ్డా... ఓరకు నడువు."

ప్రకాశం చెయ్యి పాప్‌కార్న్‌లోనే ఆగిపోయింది.

యుద్ధానికి పోయే మనిషిని జాగ్రత్తగా రోడ్డు ఓరకు నడవమని ఎవరంటారు? తమ ఊరి రాందాస్ చౌరస్తాలో లారీలకు భయపడి, బడికి పోయే పిల్లతో రోజూ అతనన్న మాట అది. చదువు మానేసిన నాటి నుంచి ఒక్కసారీ అనలేదు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. పక్క సీట్లో, వాళ్ల వీధిలోనే పండ్లమ్మే బాలమణి కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"డైలాగు కాగితంల 'విజయంతో తిరిగి రా' అని ఉండె," నిస్సి చెవి దగ్గర గొణిగింది. "నా నోట్లకెళ్లి ఇదొచ్చింది. తప్పైంది, మళ్ల చెప్త అన్న. డబ్బింగ్ సారేమో ఉండనియ్యి అన్నడు."



సినిమా అయిపోయి అందరూ లేచినా ప్రకాశం లేవలేదు. ఊడ్చే ఆమె చీపురుతో వస్తే "జర ఆగమ్మా" అని తెర మీద పేర్లు కూడబలుక్కుంటూ చదివాడు. పడవ తల్లి గొంతు: నిస్సి ప్రకాశం.

"నా పేరు గూడ పెట్టినవా?"

"నీ మాట వాడుకున్న గద నాయినా."

బయటికి రాగానే నిస్సి కాగితం, పెన్ను తీసింది. "ఇగ చెప్పు. పెట్టాల్నా?"

ప్రకాశం ఆ కాగితం తీసుకొని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. "మందిల నీ గొంతు ఇనవడక కాదు బిడ్డా, నేనే ఇనలే," అంటూ అందరి ముందే ఏడ్చేశాడు. ఎలిశిబా కూడా ఏడుస్తూనే అతని చొక్కా మీది పాప్‌కార్న్ దులిపింది.

మర్నాడు పొద్దున హైదరాబాద్ బస్సుకి నిస్సి బయల్దేరింది. ప్రకాశం అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కూతురు నాలుగడుగులు వేసింది. ఆ మాట కోసమే మెల్లగా నడుస్తోంది.

"పైలం బిడ్డా! ఓరకు నడువు!"

వీధంతా వినబడేలా అరిచాడు. నడిరోడ్డు మీదున్న నిస్సి, చిన్నప్పటిలాగే, గబుక్కున ఓరకు జరిగింది.