అడగని సాయం

గది ఖాళీ.

మంచం మీద సగం కుట్టిన జాకెట్టు. సూది ఇంకా గుడ్డలోనే ఉంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. టైలరమ్మ లేదు.

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి కిందికి చూసింది. నిమ్మమొక్కలు తప్ప ఎవరూ లేరు. పోలీసులకి భయం ఉండదని ఎవరన్నారో గానీ, వాళ్ళకి పోలీసులు తెలియరు.

మొగుళ్ళ చేతుల్లోంచి తప్పించుకొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లు అది. బోర్డు ఉండదు. అడ్రసు బయటికి పొక్కదు. అలాంటి ఇంటి గేటు ముందు మధ్యాహ్నం మూడింటికి టైలరమ్మ మొగుడు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో కత్తి. వాచ్‌మన్ కేకలేసేసరికి సందులోకి పరిగెత్తాడు. ఇంకా దొరకలేదు. ఆ గొడవలోనే ఈమె మాయమైంది.

"వాడేమని అరిచాడు?"

వాచ్‌మన్ ఆ మాటలే అప్పజెప్పాడు. "'చేతి కుట్లు మానాయా? కిందికి రావే' అన్నాడు మేడమ్."

"ఏం కుట్లు?" వంటామె తెల్లబోయింది. "ఆమె ఎప్పుడూ చేతికి కొంగు చుట్టుకునే ఉంటుంది. నేను చూడనే లేదు."

"పారిపోయి వచ్చేటప్పుడు గోడ మీది గాజుపెంకులు కోశాయి. కుట్లు వేయించింది నేనే," అంది వార్డెనమ్మ.

అందరూ ఆవిడ వంక చూశారు.

"అంటే మొగుడు ఆ గాయం చూడలేదు. మీకొక్కరికే తెలుసు," అంది ఇన్‌స్పెక్టర్.

"కేసు ఫైల్లో ఎక్కించాను, అంతే! నా నోట్లో నువ్వుగింజ నానదని అంటారు గానీ, ఈ ఇంటి సంగతి ఏనాడూ గడప దాటనివ్వలేదమ్మా!"

"ఇవాళ ఎవరికైనా ఏమైనా రాశారా?"

"ఒక దాతకి. కుట్టుమిషన్ ఇస్తాను, ఎవరికి ఉపయోగమో చెప్పమన్నాడు. 'థాంక్స్, ఊళ్ళో ఆఫీసుకి పంపండి' అని రెండు ముక్కలు కొట్టాను."

ఆఫీసు గదిలో కంప్యూటర్ తెరిచే ఉంది. బ్రౌజర్ పైభాగమంతా ట్యాబులు ఇరుక్కుని ఉన్నాయి.

"ఇన్ని తెరిచి పెట్టారేంటి?"

"మూస్తే మళ్ళీ నాకు దొరకవు. అందుకే ఏదీ మూయను."

దాతకి వెళ్ళిన ఉత్తరాన్ని ఇన్‌స్పెక్టర్ తెరిచి పైకి చదివింది. "'మీ మిషన్ ఈ వారమే చేరిన ఒక సోదరికి ఎంతో ఉపయోగం. ఆమె టైలరు. ఎడమ చేతి కుట్లు మానగానే పని మొదలుపెడుతుంది. మిషన్ ఈ అడ్రసుకి పంపగలరు...'"

వార్డెనమ్మ అడ్డుపడింది. "ఇది నేను రాయలేదు!"

"మరి ఎవరు?"

వార్డెనమ్మ వేలు స్క్రీన్ మూలకి వెళ్ళింది. "ఇది, ఏఐ అంట. బ్రౌజర్లోనే అప్‌డేట్‌తో వచ్చింది. నాకు అక్షరాలు ఆనవు. నేను రెండు ముక్కలు కొడితే ఉత్తరం చేసిపెడుతుంది. చదివి వినిపిస్తుంది కూడా."

"దీన్ని వినిపించిందా?"

"పాలు పొంగుతున్నాయని వంటామె పిలిచింది. వినకుండానే పంపేశాను."

"మొదట్లో ఏదైనా పర్మిషన్ అడిగిందా?"

"తెరిచిన పేజీలు చూడొచ్చా అంది. సాయం చేస్తానంటే వద్దంటామా? సరే అన్నాను."

ఇన్‌స్పెక్టర్ పక్క ట్యాబు నొక్కింది. టైలరమ్మ కేసు ఫైలు. కుట్లు, అడ్రసు, అన్నీ అందులో ఉన్నాయి.

"దాత పేరుతో రాసింది మొగుడే. వాడి ప్రశ్నకి జవాబు ఈ పేజీలో దొరికింది. తీసి ఇచ్చేసింది. అడిగినవాడు దాతో మొగుడో దానికేం తెలుసు?"

"అసలు దీన్ని బ్రౌజర్లో పెట్టమని మనం అడిగామా?" అన్నాడు వాచ్‌మన్.

"నువ్వు అడగలేదు. నాకు కావాలి," వార్డెనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "కానీ ఇలా కాదు నాయనా."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే వంటింట్లో ఉంది. "నిచ్చెన ఏది?"

"ఇక్కడే, గోడకి..." వంటామె ఆగిపోయింది.

"కిటికీ కింద నిమ్మమొక్కలున్నాయి. ఒక్క కొమ్మ విరగలేదు. ఎవరూ దూకలేదు." ఇన్‌స్పెక్టర్ తలెత్తి అటక వంక చూసింది. "అమ్మా, నేను పోలీసుని. వాడు లేడు. దిగు."

చాలాసేపటికి నిచ్చెన కిందికి దిగింది. దాని వెనకే టైలరమ్మ. ఒళ్ళంతా బూజు.

"నా సంగతి వాడికి ఎవరు చెప్పారు?" అంది.

జరిగింది చెప్పారు. ఆమె నమ్మలేనట్టు అందరి మొహాలూ చూసింది. మనిషి చెప్పి ఉంటే బాగుండేదేమో. ఆ మనిషికి దూరంగా ఉండొచ్చు.

"వ్యాన్ వస్తోంది తల్లీ," అంది వార్డెనమ్మ. "వేరే ఊళ్ళో ఇలాంటి ఇల్లే. నువ్వు దొరకగానే పంపాలని ఇందాకే మాట్లాడి, అక్కడి ఫారం కూడా కంప్యూటర్లో నింపాను."

ఆఫీసు గదిలో టింగుమని మోగింది.

ఇన్‌స్పెక్టర్ పరిగెత్తింది. దాత మళ్ళీ రాశాడు. 'ఆ సోదరి క్షేమమేనా? మిషన్ ఎక్కడికి పంపమంటారు?'

దాని కింద జవాబు అప్పుడే తయారై ఉంది. 'ఆమె ఈ సాయంత్రం కొత్త చోటికి మారుతున్నారు...' తర్వాత ఊరు. వీధి. ఇంటి నంబరు.

ఒక్క నొక్కు చాలు, వెళ్ళిపోయేది. ఇన్‌స్పెక్టర్ ప్లగ్గు పీకేసింది. స్క్రీన్ నల్లబడింది.

వెనక గుమ్మంలో టైలరమ్మ. అంతా చదివేసింది.

"అక్కడి మేడమ్ కంప్యూటర్లో కూడా ఇది ఉందా?"

వార్డెనమ్మ ఇన్‌స్పెక్టర్ వంక చూసింది.

"కనుక్కుంటాను," ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసింది.

"కనుక్కోండి."

టైలరమ్మ వంటింట్లోకి నడిచింది. అటక ఎక్కింది. నిచ్చెన పైకి లాక్కుంది.