తలుపు పక్క బల్ల

రేవెన్‌గిల్ లోయలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ప్రార్థన ఇల్లు ఒకటుంది. పాదిరీ ఉండడు, పాటలుండవు. అందరూ మౌనంగా కూర్చుంటారు, చివర్న పక్కవాళ్ళతో చెయ్యి కలిపి లేస్తారు, అంతే. అలాంటి చోట దెయ్యమేమిటంటారా? తలుపు పక్క బల్ల మీద మాత్రం ఆ ఊళ్ళో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే... పక్కన ఇంకెవరో వచ్చి కూర్చుంటారట.

ఈ మాట ఎనిడ్‌కి బస్సు దిగినచోట టీ దుకాణం ఆవిడ చెప్పింది.

"ఆ బల్ల జోలికి పోకమ్మా," అంది గొంతు తగ్గించి.

"దెయ్యమైనా సరేనండీ, ఎవరో ఒకరు జవాబు చెబితే చాలు," అంది ఎనిడ్.

అంతగా విసిగిపోయి ఉంది మరి. తాతమ్మ తల్లి తబితా కోసం ఏళ్ళ తరబడి పాత రికార్డులు తిరగేసి కళ్ళు పాడుచేసుకుంది. ఈ ఊరి క్వేకరు పిల్ల అయ్యుండి, బయటి చర్చిలో పాదిరీ చేత పెళ్ళి చేయించుకుందని తబితాను వెలివేశారు. అక్కడితో ఆమె ఊసు ఎక్కడా లేదు. ఎవరైనా చేరదీశారా, దిక్కులేకుండా పోయిందా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలు. ఇక్కడా తెలియకపోతే కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేద్దామనుకుంది.

చలికాలం, టీ వేళకే చీకటి. ప్రార్థన ఇంటి పక్క సమాధుల దగ్గర పేరున్న రాయి ఒక్కటీ లేదు. కాళ్ళు పీకుతున్నాయి. ప్రార్థన ఇంటి తలుపు తోస్తే తెరుచుకుంది. చేతికి తగిలిన మొదటి బల్ల మీదే కూలబడింది. అది ఏ బల్లో తెలుసు... లేవడానికి ఓపిక లేదు.

కాసేపటికి — ఊపిరి వినిపించింది.

ఒకరిది కాదు. చీకట్లో ఎవరెవరో ఊపిరి పీలుస్తున్నారు.

లేవబోయింది. అప్పుడే ఆమె ఎడమ చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది. చల్లగా, గరుకుగా, మొహమాటంగా...

విదిలించి కొట్టింది.

లైటు వెలిగింది. గదికి ఆ చివర నలుగురు ముసలివాళ్ళు కళ్ళు చికిలించి చూస్తున్నారు.

"భయపడ్డావా తల్లీ?" అన్నాడు స్విచ్చి దగ్గరి పెద్దాయన. "వెలుగుండగా కూర్చున్నాం, చీకటి పడిపోయింది. మౌనం చెడగొట్టి లైటెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. ప్రతి చలికాలం ఇదే వరస."

ఎనిడ్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయితే చెయ్యి కలిపింది మీరేనన్నమాట. ప్రాణం పోయిందనుకోండి."

పెద్దాయన నవ్వలేదు. "మేమెవరమూ అటు రాలేదమ్మా."

ఆమె ఎడమ పక్క బల్ల ఖాళీగా ఉంది.

"పూర్వం వెలివేసినవాళ్ళని కూడా ప్రార్థనలో కూర్చోనిచ్చేవాళ్ళు," అన్నాడాయన మెల్లగా. "ఒకావిడ చచ్చేదాకా వారం వారం వచ్చి అక్కడే కూర్చునేదట. చివర్న చెయ్యి మాత్రం ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు... పేరు మాకెవరికీ తెలీదు."

ఎనిడ్‌కి తెలుసు. తను విదిలించి కొట్టిన ఆ చెయ్యి వచ్చిన వైపుకి తిరిగింది.

"ఆ లైటు కాసేపు తీసేస్తారా?" అంది.

ఆయన స్విచ్చి నొక్కాడు.

చీకట్లో ఎనిడ్ ఎడమ చెయ్యి చాపింది. ఈసారి తను ముందుగా వదల్లేదు.