పళ్లెం ఎక్కే ముందు

పొద్దుటి గంట మోగింది. నాట్యశాల గుమ్మం పక్కన నాట్యగురువు హైమావతి రోజూలాగే వచ్చి నిలబడింది.

పిల్లలు వరసగా వచ్చారు. ప్రతి పిల్లా గడప ముందు ఒక్క క్షణం ఆగి, కుడి అరికాలిని ఎడమ పిక్కకు రెండుసార్లు రుద్దుకుని, అప్పుడు లోపల అడుగు పెట్టింది. ఎవరూ చెప్పలేదు. తాము అలా చేస్తున్నామని వాళ్లకే తెలియదు. తెలిసింది హైమావతి ఒక్కదానికే. అది చూడడానికే ఆమె రోజూ అక్కడ నిలబడేది.

కాకినాడలోని ఆ ప్రభుత్వ కళల పాఠశాలకు జిల్లా నలుమూలల నుంచి పిల్లల్ని ఎంపిక చేసి తెస్తారు. బొమ్మలు వేసేవాళ్లకు కుంచెతొడుగులు, మృదంగం వాళ్లకు వేలితొడుగులు, నాట్యం వాళ్లకు నడకపట్టు. పట్టులాంటి ఆ పల్చటి బట్టను నడుము నుంచి మడమల దాకా తొడుక్కుంటే చాలు, అందులో దాచిన నర్తకి కదలిక పిల్లల కండరాల్లోకి ఇంకుతుంది. ఏళ్ల తరబడి చేయాల్సిన సాధన ఒక్క వేసవిలో ఒంటబడుతుంది. అలా దాచిన కదలికను మాతృక అంటారు. ఈ బడి మాతృక హైమావతి కూతురు వాసంతిది.

ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి వాసంతి ఆడుతుంటే చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆ పిల్లకి అరికాళ్లు చెమర్చేవి. జారిపోతానని భయం. అందుకే ఎక్కే ముందు ఆ రుద్దుడు. "దోమ కుట్టిందా ఏంటే?" అని హైమావతి వెక్కిరించేది. జ్వరంతో ఆస్పత్రి బండి ఎక్కే ముందు కూడా వాసంతి తల్లి భుజం పట్టుకుని కాలు రుద్దుకుంది. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఉప్పాడ నుంచి వీరవేణి వచ్చింది. ఆమె కూతురు లోవలక్ష్మి కిందటేడే బడిలో చేరింది.

"మేడంగారూ, మా పిల్ల బాగా ఆడుతోందండి. కాదననండి. కానీ సెలవులకి ఇంటికొచ్చి గుమ్మంలో ఆగిపోయిందండి. కాలు రుద్దుకుని, నెమ్మదిగా లోపలికొచ్చింది, చుట్టంలాగ."

"చిన్న అలవాటు కదమ్మా."

"మీకు చిన్నదేనండి. అది ఎప్పుడూ గడప మీంచి రెండు కాళ్లతో ధబీమని దూకి, అమ్మా ఆకలి అని అరిచేది. కాళ్లు ఇరుగుతాయే గాడిదా అని తిట్టేదాన్ని. ఈసారి నేనే దూకవే అన్నాను. ఎంత ప్రయత్నించినా దూకలేకపోయిందండి. నేను ఎట్టా దూకేదాన్నమ్మా అని ఏడ్చింది." వీరవేణి పమిటతో ముక్కు తుడుచుకుంది. "ఎవరిదండి ఆ అలవాటు?"

హైమావతి నాట్యశాల గుమ్మం వైపు చూసింది.

"మా అమ్మాయిది."

"ఎక్కడుందండి ఇప్పుడు?"

"లేదమ్మా. పదిహేడో ఏట పోయింది."

వీరవేణి నోటి మీద చెయ్యి వేసుకుంది. కాసేపటికి లేచి సంచి సర్దుకుంటూ, "తెలీక అడిగానండి. ఉండనివ్వండి. నేనే అలవాటు పడతాను," అంది.

ఆ మాటకు హైమావతి గబుక్కున లేచింది. వెళ్లబోతున్న ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీ పిల్లని నువ్వు నాకెందుకు ఇవ్వాలమ్మా? కూర్చో."

నడకపట్లు చూసుకునే కిరీటిని పిలిపించింది. ఆ కాలి రుద్దుడు ఒక్కటీ తీసెయ్యమంది.

"కుదరదు మేడం. ఆటలో అల్లుకుపోయింది. తీస్తే మాతృక మొత్తం పోతుంది. పిల్లలందరికీ విడుపు చెయ్యాలి. పట్టు ద్వారా నేర్చిందంతా పోయి, ఎవరి నడక వాళ్లకి వస్తుంది. కొత్త మాతృక వచ్చేదాకా మీరే దగ్గరుండి నేర్పుకోవాలి."

"తీసేది నాకు దాచి ఇవ్వగలవా?"

"అది చూసే బొమ్మ కాదు మేడం, వేసుకునే నడక. ఎవరో ఒకరి ఒంటి మీదే తెలుస్తుంది."

"నేను వేసుకుంటాను."

కిరీటి ఆమె వాచిన మోకాళ్ల వైపు చూసి తల దించుకున్నాడు. "పదిహేడేళ్ల పిల్ల నడక మేడం. మీరు తట్టుకోలేరు."

కిరీటి చాచిన అంగీకారపు పలక మీద హైమావతి వేలు పెట్టింది. ఆ వేలు తియ్యడానికి మాత్రం కాస్త ఆలస్యమైంది.

ఆ సాయంత్రం విడుపు గదిలోంచి లోవలక్ష్మి తూలుతూ వచ్చింది. వసారా చివర గడప అవతల తల్లి కనబడగానే పరుగెత్తి, గడప మీంచి రెండు కాళ్లతో ధబీమని దూకింది.

"కాళ్లు ఇరుగుతాయే గాడిదా!" అని అరిచి, పిల్లని పొదువుకుని వీరవేణి బావురుమంది.

మర్నాడు గంట మోగింది. హైమావతి గుమ్మం పక్కనే నిలబడింది. పిల్లలు తోసుకుంటూ, నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. గడప దగ్గర ఒక్కరూ ఆగలేదు. చివరి పిల్ల వెళ్లిపోయాక కూడా ఆమె ఇంకాసేపు అక్కడే ఉండిపోయింది.

తర్వాత లోపలికి వెళ్లి పళ్లేలు పరిచింది. ఎక్కిన పిల్లలు ఎక్కినట్టే జారుతున్నారు. లోవలక్ష్మి కూడా జారి కూలబడి, తన అరికాలు తడిమి చూసుకుంది.

"చెమట మేడం. ఎక్కే ముందు ఏం చెయ్యాలి?"

హైమావతి కుడి మడమ నేల మీంచి కొంచెం లేచింది. అందరూ ఆమె కాళ్ల వైపే చూస్తున్నారు. చూపిస్తే చాలు, రేపటికి అందరికీ వస్తుంది.

ఆమె పాదం నేలకు ఆనించింది. భుజం మీది తువ్వాలు తీసి లోవలక్ష్మికి అందించింది.

"దీంతో తుడుచుకో అమ్మా," అంది.