నాలుగో కాగు

గ్రాఫైట్ మసి సబ్బుకి లొంగదు. వోల్గా ఒడ్డున పైన్ అడవిలో, పోస్టుపెట్టె నంబరు తప్ప మరో పేరు లేని ఆ రహస్యపు చోట ఇటుకలు పేర్చే ఆడవాళ్ళకి ముందుగా తెలిసొచ్చిన సంగతి అదే. మూడుసార్లు తోముకున్నా గోళ్ళ సందుల్లో, రెప్పల అంచుల్లో, చెవుల వెనక నలుపు మిగిలిపోయేది.

"నన్ను కాస్త చెక్కితే చాలు, పెన్సిలని అమ్ముకోవచ్చు," అనేది వాల్యా.

"నువ్వు పెన్సిలువా? ఆ ఒళ్ళు చూడు, దుంగవి!" అనేది తమారా.

అందరూ నవ్వేవాళ్ళు. న్యూరా నవ్వు మాత్రం అందరికంటే ఆలస్యంగా, సన్నగా, ఎక్కిళ్ళలా వచ్చేది. ఆ పిల్ల పోయి పదిహేను రోజులైంది. అప్పటినుంచీ గోతిలో ఎవరూ నవ్వడం లేదు.

అది ఏడు మీటర్ల లోతు కాంక్రీటు గొయ్యి. పైన షెడ్డు, దానికి కిటికీలు లేవు. బయట మధ్యాహ్నపు ఎండ మంచు మీద పడి కళ్ళు నొప్పెడుతుంటే, లోపల నాలుగు బల్బులు. వాటి వెలుతురు నల్లటి గోడల దాకా పోయేది, అక్కడ ఇంకిపోయేది. ఆ గోతిలో వాళ్ళు కడుతున్నదానికి పెద్దవాళ్ళు ఏదో పొడుగాటి పేరు పెట్టారు. పనివాళ్ళు కాగు అనేవాళ్ళు. దానికి నిప్పు లేదు, పొగ లేదు. గ్రాఫైట్ ఇటుకలకి గుంటలు తొలిచి, ఆ గుంటల్లో యురేనియం గుండ్లు పెట్టి, వరస మీద వరస పేర్చుకుంటూ పోతే ఏదో ఒక వరస దగ్గర అది తనంతట తానే రగులుకుంటుందట. పైనుంచి మూడు కడ్డీలు లోపలికి దిగుతాయి. కడ్డీలు లోపలుంటే కాగు నిద్రపోతుంది. పైకి లాగితే మేలుకుంటుంది. ఇప్పటికి మూడు కట్టి పరీక్షించి విప్పేశారు. ఇది నాలుగోది.

ఆ ఆడవాళ్ళకి పెద్ద గ్లఫీరా తీఖొనొవ్నా. నలభై మూడేళ్ళు. మొగుడు యుద్ధంలో పోయాడు, కూతురు సరాతవ్‌లో డాక్టరు చదువుతోంది. గ్లఫీరాకి ఈమధ్య ఒళ్ళంతా మంటగా ఉంటోంది. జ్వరం కాదు, కోపం. ఎవరి మీద చూపించాలో తెలియక ఇటుకల మీద చూపిస్తోంది. ఒక్కొక్కదాన్ని చెంపదెబ్బ కొట్టినట్టు పెడుతోంది.

మూడో కాగు పరీక్షించిన రోజు ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఆ రోజు రెండు కడ్డీలు పైకి లాగారు. పక్కనున్న కౌంటరు, అంటే కాగులో పుట్టే కనపడని కిరణాలు తగిలినప్పుడల్లా టిక్కుమని కొట్టే పెట్టె, ముందు వానచినుకుల్లా, తర్వాత వడగళ్ళలా కొట్టింది. కడ్డీలు మళ్ళీ దించబోతే ఒకటి దిగింది, రెండోది సగంలో ఇరుక్కుంది. చప్పుళ్ళన్నీ కలిసిపోయి ఒకే కూత అయ్యాయి.

"అందులోకి దూరేంత సన్నగా ఉన్నది ఎవరు?" అని మేజర్ శ్లీకొవ్ పైనుంచి అరిచాడు. అక్కడి పెత్తనమంతా అతనిది.

అందరూ న్యూరా వైపు చూశారు. గ్లఫీరా కూడా చూసింది. ఆ చూపు వేలు పెట్టి చూపించడం లాంటిదే.

పందొమ్మిదేళ్ళ పిల్ల. ఇటుకల మధ్యకి దూరి, కడ్డీకి వేలాడి, నాలుగు నిమిషాలు ఊగి దాన్ని కిందికి దించింది. పైకొచ్చి, "ఏం కాలేదు పిన్నీ, నోట్లో ఇనుము నాకినట్టుంది, అంతే," అంది. సాయంత్రానికి వాంతులు. మూడోనాటికి ఆ చేతుల వైపు ఎవరూ చూడలేకపోయారు. తొమ్మిదోనాడు పోయింది. జింకు పెట్టెలో పెట్టి అతికేసి, అడవిలోనే ఎక్కడో పూడ్చారు.

ఆ రోజే శ్లీకొవ్, న్యూరా తల్లికి పంపే కాగితాన్ని గ్లఫీరా ముందుకి తోశాడు. విషజ్వరంతో మరణించింది, సాక్షి సంతకం.

"అది విషజ్వరం కాదు కామ్రేడ్ మేజర్."

"మీ అమ్మాయిది ఇంకెన్నేళ్ళు చదువు? రెండా?" అన్నాడతను, పెన్ను మూత తీసి ఇస్తూ.

గ్లఫీరా సంతకం పెట్టింది.

*

ఆ గురువారం మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. క్యాబేజీ చారు చల్లారిపోతుందని ఆడవాళ్ళు గబగబా నిచ్చెనెక్కి వెళ్ళిపోయారు. ముప్ఫై ఒకటో వరసలో ఒక ఇటుక ఎత్తుగా ఉందని గ్లఫీరా ఆగిపోయింది. మూలన కౌంటరు దగ్గర గెర్మన్ పావ్లొవిచ్ ఉన్నాడు. కుర్ర శాస్త్రవేత్త, ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు.

టిక్.

చాలాసేపు ఏమీ లేదు.

టిక్. టిక్.

"గ్లఫీరా తీఖొనొవ్నా, మీ దగ్గర చీకట్లో మెరిసే గడియారం ఏమైనా ఉందా? దానికీ ఇది కొట్టుకుంటుంది."

"గడియారమా? యుద్ధంలోనే రొట్టెకి మార్చుకున్నాను బాబూ."

టిక్. టిక్. టిక్.

అతను ముక్కు తుడుచుకుని కౌంటరు వైపు వింతగా చూశాడు. "కొలతలు చూడటానికి పేరుస్తున్న వరసలివి, లోపల ఇంకా ఒక్క గుండు కూడా పెట్టలేదు. ఉట్టి గ్రాఫైటు. ఇది ఇలా కొట్టకూడదు."

పొడుగు తీగ లాగుతూ పెట్టె చేత్తో పట్టుకుని గోతి చుట్టూ నడిచాడు. అవతలి మూల చప్పుడు పెరిగింది. అతను అక్కడ నిలబడే ఉన్నాడు, చప్పుడు తగ్గింది. రెండడుగులు ఎడమకి జరిగితే మళ్ళీ పెరిగింది. మళ్ళీ తగ్గింది.

"ఏమైంది?" అంది గ్లఫీరా.

"ఇది..." అతను వెనక్కి జరిగాడు. "ఇది కదులుతోంది."

అప్పుడు వాసన వచ్చింది. ఆసుపత్రి వార్డుల్లో తుడిచే కార్బాలిక్ ఘాటు, దాని కింద వెంట్రుకలు కాలిన కమురు. గ్లఫీరాకి ఆ వాసన తెలుసు. తొమ్మిది రోజులు న్యూరా మంచం పక్కన కూర్చుని పీల్చిన వాసన అది.

పేర్చిన ఇటుకల మీద నల్లటి పొడి పరుచుకుని ఉంది. అందులో ఓ అడుగు పడింది.

చిన్న పాదం. వట్టి పాదం. అయిదు వేళ్ళూ విడివిడిగా తెలుస్తున్నాయి. దాని ముందు ఇంకొకటి... ఇంకొకటి... తొందరేమీ లేదు. ఒక్కో అడుగుకీ కౌంటరు గుక్కతిప్పుకోకుండా కొడుతోంది.

"దాన్ని ఆపెయ్యి," గుసగుసలాడింది గ్లఫీరా.

"ఆపేశాను... ఎప్పుడో ఆపేశాను."

అడుగులు ఆమెకి రెండు ఇటుకల దూరంలో ఆగాయి.

ఇటుకలకి తొలిచిన వందల గుంటలు, గుండ్ల కోసం తెరుచుకుని ఉన్న నోళ్ళు, అన్నీ ఒక్కసారి గాలి పీల్చాయి. ఖాళీ సీసాలో ఊదినప్పుడు వచ్చే చప్పుడు. ఆ చప్పుడులోంచి మాట.

"పిన్నీ..."

గ్లఫీరా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏమని రాశావు?"

గ్లఫీరా ఎత్తుగా ఉన్న ఆ ఇటుకని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది.

"మా అమ్మకి... ఏమని రాశావు?"

పైన బూట్ల చప్పుడైంది. శ్లీకొవ్ గోతి అంచున నిలబడి కిందికి చూస్తున్నాడు. "ఆ చప్పుడేంటి? ఆ యంత్రాన్ని ఎవడు ముట్టుకున్నాడు? నెలాఖరుకి పైవాళ్ళొస్తున్నారు, మీరిక్కడ ఆటలాడుతున్నారా?"

అతని గొంతు వినగానే గ్లఫీరా భయం ఎటు పోయిందో తెలియదు. పదిహేను రోజులుగా ఇటుకల మీద చూపించిన కోపమంతా ఒక్కసారి గొంతులోకి తన్నుకొచ్చింది.

"కిందికి రా శ్లీకొవ్! రా! న్యూరా అడుగుతోంది, ఏమని రాశామో చెబుదువు గాని!"

"మతి పోయిందా ముసలిదానా?"

"పోయిందయ్యా, నీ పెన్ను పట్టుకున్న రోజే పోయింది! పైనుంచి అరవడం కాదు. ఆ రోజూ పైనుంచే అరిచావు. ఇవాళ దిగి చూడు, మగాడివైతే!"

అతను దిగాడు. నిచ్చెన దిగుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. ఆమె కూతురిని, ఆమె పుట్టుకని, చచ్చినదాన్ని కూడా వదల్లేదు. కింద కాలు పెట్టగానే కౌంటరు చప్పుడు గ్లఫీరాని వదిలి అతని వైపు తిరిగింది. పొడిలో అడుగులు వెనక్కి మళ్ళాయి.

గెర్మన్ పావ్లొవిచ్ గోడకి అంటుకుపోయాడు. "కామ్రేడ్ మేజర్, కదలకండి," అన్నాడు. "మీ ముందే ఉంది."

"ఏముంది నా ముందు? ఏమీ లేదు!" శ్లీకొవ్ గాలిలోకి అరిచాడు. "విషజ్వరం! విషజ్వరంతో పోయింది! కాగితం మీద ఏముందో అదే నిజం, విన్నావా?"

చప్పుళ్ళు కలిసిపోయాయి.

ఒకే కూత.

ఒక బల్బు ఆరింది. రెండోది... మూడోది... నాలుగోది ఎర్రటి తీగలా మిగిలి, అదీ పోయింది. చీకట్లో ఇటుకలు జరుగుతున్న చప్పుడు, రాయి మీద రాయి, నిదానంగా. ఎవరో ఎవరికో దారి ఇస్తున్నట్టు. శ్లీకొవ్ "వద్దు" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి ఆ మాట ఇటుకల లోపలినుంచి వినపడింది.

గ్లఫీరా కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. ఎందుకో తనకే తెలియదు. సరిగ్గా నాలుగు నిమిషాలు.

బల్బులు వెలిగాయి. శ్లీకొవ్ ముప్ఫై ఒకటో వరస మీద కాళ్ళు చాపుకుని పసిపిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. పెదాలు చప్పరిస్తున్నాడు.

"ఇనుము," అన్నాడు. "నోట్లో ఇనుము..."

గెర్మన్ పావ్లొవిచ్ పెట్టెని అతని దగ్గరికి పెట్టాడు. అది కూత పెట్టగానే వెనక్కి లాక్కున్నాడు. శ్లీకొవ్ రెండు చెవులూ మూసుకున్నాడు. "చెప్పొద్దు, నాకు చెప్పొద్దు," అంటూ ఏడవడం మొదలుపెట్టాడు.

*

మేజర్ ఏడు రోజులు బతికాడు. ఎనిమిదో రోజు పొద్దున ఒక కొత్త కెప్టెన్ గ్లఫీరాని పిలిపించాడు. మర్యాదస్థుడు. కుర్చీ చూపించాడు, టీ పోయించాడు, కాగితం ముందుపెట్టాడు. పేరు మారింది. రోగం అదే.

"మొదటిదానికి పెట్టారుగా గ్లఫీరా తీఖొనొవ్నా. దీనికీ పెట్టేయండి."

ఆమె ఆ కాగితాన్ని తిరగేసింది. వెనకవైపు ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. కడ్డీ ఇరుక్కున్నది, ఎవరు అరిచింది, ఎవరు దిగింది, తొమ్మిది రోజులు ఎలా గడిచాయో. రాసేటప్పుడు కోపంతో కాగితం రెండుచోట్ల చిరిగింది. చివర, 'మేమందరం ఆ పిల్ల వైపు చూశాం, నేనూ చూశాను,' అని రాసి సంతకం పెట్టింది.

కెప్టెన్ నిదానంగా చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరినైనా చూసి రావాలనుంటే ఇవాళే చూసి రండి. అనుమతి చీటీ రాసిస్తాను," అన్నాడు. "రేపటినుంచి వీలుపడదు."

గ్లఫీరా కూతురికి రెండే ముక్కలు రాసి ఉత్తరాల డబ్బాలో వేసింది: 'ఎవరడిగినా నీకు తల్లి లేదని చెప్పు. బాగా చదువుకో.' తర్వాత కట్టెల లారీ ఎక్కి న్యూరా వాళ్ళ ఊరు జలేస్యే బయల్దేరింది. కన్నతల్లికి నిజం చెబితే చాలు, ఆ పిల్ల ఆత్మ శాంతిస్తుందని ఆమె నమ్మకం. రేపు ఏమైతే అయింది.

చేరేసరికి మూడు గంటలు. పొద్దు ఇంకా ఉంది. ఊరంతా చూరుల దాకా మంచు. పొగగొట్టాలన్నీ పొగ కక్కుతున్నాయి, చివరి ఇంటిది తప్ప. ఆ ఇంటి కప్పు మీద మాత్రం మంచు లేదు. చూరు కింద నేల తడిగా, నల్లగా ఉంది. జనవరి నెలలో గోడ పొడుగునా పచ్చటి గడ్డి మొలిచి ఉంది.

గ్లఫీరా తలుపు తట్టింది. న్యూరా తల్లి ఉస్తీన్యా తీసింది. అంత చలిలో పలచటి రవికతో ఉంది. మొహం కళకళలాడుతోంది.

"అమ్మా, నేను పోస్టుపెట్టె నుంచి వచ్చాను. మీ న్యూరా గురించి... మీకొచ్చిన కాగితంలో ఉన్నది నిజం కాదు."

"నిజం కాదని నాకు తెలీదా?" ఉస్తీన్యా గొంతు తగ్గించి నవ్వింది. "చచ్చిపోయిందని రాశారు, పాపిష్టివాళ్ళు. పోయిన గురువారం సాయంత్రం నడుచుకుంటూ ఇంటికొచ్చింది నా తల్లి. అలిసిపోయింది, పొయ్యి పైన పడుకునే అరుగు మీద పడుకోబెట్టాను. మెల్లగా మాట్లాడు."

గ్లఫీరా గడప దాటి లోపలికి చూసింది. గదిలో పొయ్యికి అడ్డంగా పూలగుడ్డ తెర కట్టి ఉంది. దాని వెనక ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నారు. ఒకరు కాదు. రెండు ఊపిరులు, ఒకటి సన్నగా, ఒకటి బరువుగా.

"నువ్వెవరివమ్మా? దానితో పనిచేసేదానివా?"

"గ్లఫీరాని. అందరూ గ్లాషా అంటారు."

ఉస్తీన్యా ఆమె మొహంలోకి అయోమయంగా చూసింది. తర్వాత తెర వైపు తిరిగింది. మళ్ళీ ఆమె వైపు చూసింది.

"అదేంటమ్మా," అంది. "గ్లాషా లోపలే ఉందిగా. దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆవిడే."

తెర వెనక బరువు ఊపిరి ఆగింది. అరుగు కిర్రుమంది. ఎవరో లేచి కూర్చున్నారు.

"తలుపు వెయ్యమను ఉస్తీన్యా," అంది తెర లోపలినుంచి, అచ్చం గ్లఫీరా గొంతే. "పిల్లకి చలి తగులుతోంది."