మిద్దె మీద నెత్తళ్ళు

"ఈసారి చేపలా, కుక్కలా?" పుష్పకుమారి తలెత్తకుండానే అడిగింది.

"చేపలే" అన్నాడు హెబ్రోను, మడత పెట్టిన అర్జీని బల్ల మీద పెడుతూ.

"పోయిన వారం కూడా చేపలే గదండీ?"

"పోయిన వారం నెత్తళ్ళు. ఈ వారం సొర. వాసనలో తేడా ఉండాది. మూడో పేరాలో వివరంగా రాసినాను."

ఆమె అర్జీ విప్పి మూడో పేరా చదివింది. చదువుతున్నంతసేపూ పెదవి ఒక పక్కకి లాక్కుపోతూనే ఉంది. ఆమె దాన్ని మళ్ళీ మళ్ళీ సర్దుకుంటూనే ఉంది. శనివారం మధ్యాహ్నం బోగోలు పంచాయతీ ఆఫీసులో చూడదగ్గది అదొక్కటే. హెబ్రోను చూశాడు.

"'నిద్రలో సైతం నేనే ఎండుతున్నట్టు కల వచ్చినది.' ఇది ఫిర్యాదా, కవిత్వమా?"

"నిజం."

"కలలకి పంచాయతీ బాధ్యత ఉండదండీ." ఠప్పున ముద్ర కొట్టి నంబరు వేసింది. "ఇరవై ఎనిమిదోది. మీ ఒక్కరి ఫైలుకే వేరే తాడు కొనాల్సి వచ్చింది, తెలుసా?"

హెబ్రోను ఉపాధ్యాయుల ట్రైనింగు స్కూల్లో మనస్తత్వశాస్త్రం చెబుతాడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఎదుటివాడు మెడ గోక్కున్నా దానికొక కారణం చెప్పగలడు. పదకొండు నెలల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు స్కూలుకి దగ్గర్లో దొరికిన ఇల్లు ఒక్కటే, సముద్రం ఒడ్డున జాలర్ల పాళెంలో ముత్యాలయ్య మిద్దె ఇల్లు. పదకొండు నెలలకి అగ్రిమెంటు రాసి, సంతకం పెట్టి, పెట్టె దించుకున్నాడు.

మర్నాడు తెల్లవారి ఆరింటికి నెత్తి మీద పదిమంది ఆడవాళ్ళ అడుగులు వినిపించాయి. బయటి మెట్లెక్కి పైకి పోయి చూస్తే మిద్దె నిండా చేపలు పరచి ఉన్నాయి. మధ్యలో నడుముకి కొంగు చుట్టి నిలబడిన పెద్దావిడ నాగులమ్మ.

"ఎవురయ్యా నువ్వు?"

"ఈ ఇంట్లో బాడుగకి ఉండేవాణ్ణి."

"కింద గదా నువ్వు ఉండేది? ఇది పైన" అని ఆమె మళ్ళీ పనిలో పడిపోయింది.

పాళెంలో మిద్దె అదొక్కటే. ముసురు పట్టి ఇసుక తడిసినప్పుడల్లా అందరి చేపలూ దాని మీదే ఎండాలి. ముత్యాలయ్య తాత కాలం నుంచీ అంతే. కింది ఇంటికి బాడుగ ఉంటుంది గానీ మిద్దె ఊరందరిదీ. ఆ సంగతి అగ్రిమెంటులో ఎవరూ రాయలేదు, ఎందుకంటే అది తెలియనివాడు ఉంటాడని ఎవరికీ తోచలేదు.

ఆ రోజే హెబ్రోను మొదటి అర్జీ రాశాడు, నాలుగు ఠావులు. పంచాయతీ ఆఫీసులో కొత్తగా చేరిన గుమస్తా పిల్ల పుష్పకుమారి దాన్ని రెండు వేళ్ళతో వెనక్కి నెట్టింది. "విషయం ఒక్క వాక్యంలో రాసుకొని రండి. మీ బాధ మొత్తం చదవాలంటే కుదరదు, ఆఫీసు అయిదింటికే మూస్తాం." అక్కడే గోడకానుకొని, కోపంతో ఒక్క వాక్యం రాసిచ్చాడు. ఆమె చదివి, "చూసినారా, బాధ చిన్నదే" అంది.

ఆనాటి నుంచీ మిద్దె మీద చేపలో, వాటి కోసం వచ్చే కుక్కలో ఉన్న వారమల్లా శనివారం అర్జీయే.

"ఇక ఇరవై తొమ్మిదోది ఉండదులెండి" అన్నాడు ఇవాళ, వీలైనంత తేలిగ్గా. "నెలాఖరుకి అగ్రిమెంటు అయిపోతా ఉంది. బిట్రగుంటలో ఇల్లు చూసినాను. సిమెంటు గచ్చు, వాకిట్లో సన్నజాజి పందిరి. చుట్టుపక్కల చేపన్నది లేదు."

అని ఆమె ముఖంలోకి చూశాడు. ఏం చూడాలనుకున్నాడో అతనికే తెలియదు. కనపడింది మాత్రం, కలం మూత బిగించడం.

"మంచిది. బిట్రగుంటలో అర్జీ పెట్టేదానికి ఏముంటాదిలెండి."

"రైళ్ళు కూస్తాయి గదా."

"అవి సెంట్రల్ గవర్నమెంటువి. మా ఆఫీసుకి రానక్కరలేదు."

హెబ్రోను నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదు.

"ఫైలు మూయాలంటే స్థల విచారణ జరగాల. వచ్చే శనివారం వస్తాను."

"ఇరవై ఎనిమిది అర్జీలకి రాని విచారణ, ఇల్లు ఖాళీ చేసేటప్పుడా?"

"ఆఫీసు పద్ధతండీ" అని ఆమె తర్వాతి మనిషిని పిలిచింది. తర్వాత ఎవరూ లేరు. అయినా పిలిచింది.

ఆ వారమంతా హెబ్రోనుకి సరిగా నిద్ర లేదు. బిట్రగుంట ఇంటికి మనసులో బల్ల ఎక్కడ వేయాలో, పుస్తకాలు ఎక్కడ పెట్టాలో అన్నీ సర్దేశాడు. సర్దిన ప్రతిసారీ ఆ ఇంట్లో శనివారం మధ్యాహ్నం ఒకటి మిగిలిపోయేది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

బుధవారం క్లాసులో పాఠం పిల్లల మొండితనం. "పిల్లవాడు రోజూ పలక పగలగొడుతున్నాడనుకోండి. వాడికి కావలసింది కొత్త పలక కాదు. పలక పగిలినప్పుడు తనవైపు తిరిగే టీచరు చూపు. మంచి పలక కొనిస్తే వాడు..."

సుద్దముక్క బోర్డు మీద ఆగిపోయింది.

"వాడు ఏమవుతాడు సార్?" అని అడిగాడు ముందు వరసలోని ట్రైనీ.

"అన్యాయమైపోతాడు" అని హెబ్రోను కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళు చదివిన శాస్త్రం పదకొండు నెలలుగా తన చొక్కా పట్టుకుని లాగుతూనే ఉందని అప్పుడు అర్థమయింది.

అర్థమయినంత మాత్రాన ధైర్యం వస్తుందని మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు.

శనివారం మధ్యాహ్నం పుష్పకుమారి బస్సు దిగి ఇసుకలో నడిచి వచ్చింది. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో ముక్కుకి అడ్డంగా జేబురుమాలు. జలుబేమో అనుకున్నాడు హెబ్రోను.

"స్థలం ఎక్కడ?"

"పైన."

మిద్దె మీద అంచు నుంచి అంచు దాకా నెత్తళ్ళు వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. పడవలు వచ్చే వేళ కావడంతో ఆడవాళ్ళంతా ఒడ్డుకి పోయారు. నాగులమ్మ ఒక్కతే కాకుల్ని తోలుతూ కూర్చుంది.

"ఈ ప్రదేశమేనా తమరు ఇబ్బంది పడింది?" పుష్పకుమారి రుమాలు లోపలి నుంచి అడిగింది.

"ఇదే. ఇబ్బంది పడింది కింద."

"చేపలు ఎవరివి?"

"ఆ మూల తాటాకు చాప మీదవి అంకాలమ్మవి. ఆమె ఉప్పు ఎక్కువ వేస్తాది. ఇవి నాగులమ్మగారివి, ఒకటే సైజు ఏరి పోస్తారు. ఆ చివర..." అని ఆగిపోయాడు.

పుష్పకుమారి ఫైలు నుంచి తలెత్తి అతనివైపు చూసింది. "వాసన చూసి చెప్తా ఉండారా?"

అంతలో తూర్పున సముద్రం మీద ఒక నల్లటి తెర లేచింది. గాలి ఒక్కసారి చల్లబడింది. నాగులమ్మ లేచి నిలబడి, "అయ్యో నా తల్లీ, వాన!" అంది.

మొదటి చినుకు ఫైలు మీద పడింది.

"అయ్యవారూ, సూస్తా నిలబడ్డావేంది? నాలుగు రోజుల ఎండ పోతాది!"

హెబ్రోను మెట్లు మూడేసి చొప్పున దిగి, మంచం మీది దుప్పటి లాక్కొని వచ్చాడు. చేపలు దుప్పట్లోకి ఊడ్చాడు. నాగులమ్మ గంపలకెత్తింది. పుష్పకుమారి ఫైలు చంకలో ఇరికించుకొని, ఒక చేత్తో ముక్కు మూసుకొని ఇంకో చేత్తో ఎత్తబోయింది. అట్లా రెండు గుప్పిళ్ళు ఎత్తింది. వాన జోరు చూసి రుమాలు గాలికి వదిలేసి రెండు చేతులా మొదలెట్టింది.

"కిందకా? ఎక్కడ పోసేది?" అని అరిచింది.

"మా గదిలో! మంచం మీద!"

వాన పూర్తిగా దిగేసరికి చేపలన్నీ గదిలో ఉన్నాయి. మంచం మీద, బల్ల మీద, పుస్తకాల అరలో. పుష్పకుమారి జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెంప మీద ఒక చేప పొలుసు అతుక్కుంది. ఆ పొలుసు సంగతి చెప్పాలో వద్దో తేల్చుకోలేక హెబ్రోను దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

నాగులమ్మ కొంగు పిండుకుంటూ అంది, "ఏందమ్మా, ఈయన మా మీద అర్జీలు పెట్టినాడంట గదా! ఏడాది కావస్తా ఉండాది, ఆఫీసోళ్ళు ఒక్కరన్నా వచ్చి అడగలా?"

"అవును" అన్నాడు హెబ్రోను. "ప్రెసిడెంటు గారు ఏమన్నారు ఇన్నాళ్ళూ?"

పుష్పకుమారి ఫైలు తడిని పైటతో తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"ఆయన చూడలేదు."

"ఒక్కటి కూడానా?"

"పైకి పంపితే గదా చూసేది."

"ఎందుకు పంపలేదు?"

"చర్య తీసుకుంటారండీ పంపితే!" అంది, తప్పంతా అతనిదే అయినట్టు. "చర్య తీసుకుంటే మీరు ఇంకేం రాస్తారు?"

నాగులమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గంపలు సర్దే నెపంతో అటు తిరిగింది. కానీ గది దాటి మాత్రం పోలేదు.

సరిగ్గా అప్పుడు గొడుగు కింద ముత్యాలయ్య వచ్చాడు, స్టాంపు కాగితం చొక్కాలో దాచుకొని.

"అయ్యవారూ, మీరు బిట్రగుంట పోతారని విన్నాను. పోబాకండి. మీ గొణుగుడు వినలేక కొత్త అగ్రిమెంటు రాయించినా, ఇనండి. 'సదరు మిద్దెపై చేపలు, రొయ్యలు వగైరా ఎండబెట్టరాదు.' సాలునా?" అని చదివి తలెత్తాడు. మంచం కనపడింది. "ఇదేంది? లోపలే ఎండేస్తా ఉండారా?"

హెబ్రోను కాగితం తీసుకున్నాడు. బల్ల మీద చేపల్ని మోచేత్తో పక్కకి జరిపి, కలంతో ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టేశాడు. కింద సంతకం పెట్టాడు. జీవితంలో అంత తొందరగా అతను ఏ పనీ చేయలేదు. సిరా ఆరక ముందే పుష్పకుమారి అరిచింది.

"పెట్టేసినారా? పదకొండు నెలలకా? అయ్యో, ఈ కంపులో నేనెట్లా ఉండేది?"

ముత్యాలయ్య నోరు తెరిచాడు. నాగులమ్మ ఠక్కున వెనక్కి తిరిగింది. పుష్పకుమారి తన మాట తనకే వినపడి, చేతిలోని తడి ఫైలుతో ముఖం కప్పుకుంది.

"మీకు ఈ వాసన పడదా?" హెబ్రోను అడిగాడు.

"పడదు" అంది ఫైలు వెనక నుంచి. "చిన్నప్పటి నుంచీ పడదు. బస్సు దిగినప్పటి నుంచీ తల తిరగతా ఉంది."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పిన పాఠాలు? 'అలవాటైతే అత్తరండీ' అన్నారు!"

"అది ఉద్యోగం."

"కొట్టేసింది మళ్ళీ రాస్తాను. లేదంటే కాగితమే చించేస్తాను. బిట్రగుంట ఇల్లు ఇంకా..."

"వద్దు." ఫైలు కొంచెం కిందికి దిగింది. కళ్ళ వరకే. "వీళ్ళ చేపలు యాడ ఎండాల మరి?"

నాగులమ్మ ముందుకొచ్చి ఆమె చెంప మీది పొలుసుని గోటితో తీసేసింది. "నేను తడ దిక్కు చెరువు గట్టు ఊరి నుంచి వచ్చిన దాన్ని తల్లీ. చెరువు చేప వాసన వేరు, సముద్రం చేప వాసన వేరు. వచ్చిన కొత్తలో ఆర్నెల్లు ముక్కు మూసుకొనే కాపురం చేసినా. మా ఆయన నన్ను ఏమన్నా అనుకున్నాడా? ఏమీ అనుకోలా. నలుగురు బిడ్డలు."

పుష్పకుమారి మళ్ళీ ఫైలు వెనక్కి పోయింది. ముత్యాలయ్య దగ్గి, వాన తగ్గిందా అని బయటికి చూశాడు.

తగ్గింది. హెబ్రోను బస్సు దాకా ఆమెతో నడిచాడు. తడి ఇసుకలో ఆమె చెప్పులు కూరుకుపోతుంటే అతను నడక నిదానించాడు, అంతే. ఇరవై ఎనిమిది అర్జీల్లో పట్టని మాట నాలుక చివరికి వచ్చి, ప్రతిసారీ వెనక్కి పోయింది. బస్సు హారన్ కొట్టింది.

"పుష్పకుమారి గారూ, నేను మిమ్మల్ని..."

"ఒక్క వాక్యంలో చెప్పండి. బస్సు పోతా ఉంది."

"మీరు లేకుండా నాకు ఏ ఊరూ నచ్చదు."

ఆమె మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. ఈసారి పెదవి పక్కకి పోతుంటే సర్దుకోలేదు.

"రేపు చర్చిలో ఆరాధన అయినాక మా ఇంటికి రండి. మా నాయనతో మీరే మాట్లాడాల, నేను మాట్లాడను" అంది. బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఊరంతా వినేటట్టు అరిచింది. "సీకాయతో తలంటుకొని రండీ! రెండుసార్లు!"