నోరు మూయించే పిన్

రాజాం రోడ్డులో టెలికాం ఇంజినీర్ గోపిని లారీ గుద్దింది. యాక్సిడెంట్ అన్నారు. ఆ లారీ వెనక్కి వచ్చి మరీ గుద్దిందని సీసీ కెమెరా చెప్పింది.

"చనిపోయే ముందు గోపి మెసేజ్ పెట్టాడు" అన్నాడు చీఫ్ కూర్మనాథం ఫోన్‌లో. "ఫ్రేమర్ కార్డు మార్చేశారట."

"ఎనిమిది లైన్ల డేటాని వరుసలో పేర్చి పంపే చిప్ అది. ఏ సైట్ సర్?" అడిగింది ఏజెంట్ చరిత.

"రాజాం అవతల టెలికాం షెల్టర్. అందులో ఒక లైన్ తీరం రాడార్‌ది. ఈ సాయంత్రం విదేశీ ముఠా బోటు ఒకటి పేలుడు సామానుతో ఒడ్డుకి రాబోతోంది. ఎక్కడికో తెలీదు. పొందూరులో విశాలిని కలువు. ముఠాలో మన మనిషి."

"మన మనిషేనా?"

"వాళ్ళూ అలాగే అనుకుంటున్నారు."

పొందూరు ఖద్దరు దుకాణంలో చరిత హోల్‌సేల్ వ్యాపారి వేషంలో ఉంది. తెల్లటి సన్నంచు చీర, నల్ల కళ్ళద్దాలు, పొడవాటి బంగారు జూకాలతో ఒకామె పక్కన నిలబడింది.

"నూట యాభై కౌంటు నూలు దొరుకుతుందా?"

"సాలీడుకి ఆర్డరివ్వాలి."

కోడ్ సరిపోయింది. విశాలి కారులో ఇద్దరూ బయల్దేరారు.

షెల్టర్ అంటే పొలాల మధ్య కిటికీల్లేని ఇనప గది. చరిత ర్యాక్ తలుపు తీసింది. కార్డుకి అడ్డంగా కొత్త ఉక్కు జాలీ బిగించి ఉంది. టార్చి వేసేలోపే వెనక తలుపు ధనాలున మూసుకుంది.

"విశాలమ్మా!" బయట నుంచి ధనరాజు గొంతు. ముఠాకి ఈ జిల్లాలో మనిషి. "రెండు పడవల మీద కాళ్ళేసినోలు ఏటవుతారో నీకు తెల్దేటి? బోటొచ్చీదాకా ఇద్దరూ కబుర్లాడుకోండి."

ఏసీ ఆగిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. ఎండకి కాలిన గోడలు చెయ్యి పెట్టనివ్వడం లేదు. విశాలి తలుపు బాది బాది కూలబడింది. ఆమె కాన్వెంటు మాట కాస్తా జారిపోయింది.

"ఊపిరాడట్నేదే..."

"నాకూ అంతే. టార్చి పట్టుకో."

చరిత జాలీ సందులోంచి చూసింది. చిప్ టెస్ట్ పిన్‌ని ఎప్పుడూ గ్రౌండ్‌కి, అంటే ఎర్త్‌కి, కలిపి ఉంచాలి. దాన్ని పైకి లేపి, పక్కనున్న నల్ల బోర్డుకి వైరు కట్టారు. బోర్డు మీద ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి.

"సున్నా అయితే ఏమవుతుంది?"

విశాలి తడుముకుంది. "రాడార్ లైన్లో నిన్నటి రికార్డింగ్ పోతుంది. కంట్రోల్ రూమ్‌కి ఖాళీ సముద్రం కనిపిస్తుంది. రీసెట్ పిన్‌ని గ్రౌండ్ చెయ్యి, అంతా మొదటికొస్తుంది."

చరిత తీగ కోసం వెతకబోయి ఆగింది. రీసెట్ అయిన చిప్ సెట్టింగులు కొత్తగా చదువుకుంటుంది. ఎక్కడి నుంచి? ఆ నల్ల బోర్డులోంచే.

"ఎనిమిది లైన్లూ వాళ్ళ చేతికిద్దామనా? అబద్ధం చెప్పావు."

విశాలి తల దించుకుంది. "అలవాటు."

"ఇంకో పిన్ ఉంది. ట్రైస్టేట్. దాన్ని గ్రౌండ్ చేస్తే చిప్ మొత్తం మూగబోతుంది."

అప్పుడే తలుపు మీద పచ్చ లైటు వెలిగింది. రిమోట్ అన్‌లాక్! చరిత ఫోన్ పలకలేదని చీఫ్ విశాఖ నుంచి తాళం తీయిస్తున్నట్టుంది. లోపల గడియ అంగుళం అంగుళం జరుగుతోంది. ఆ ఆర్డరు వస్తున్నదీ ఈ చిప్‌లోంచే.

"ఆగవే!" విశాలి చరిత చెయ్యి పట్టుకుంది. "తలుపు తెరుసుకుంతాది! బయటికెళ్ళి ఫోన్ సేద్దాం!"

"బయట ధనరాజు ఉన్నాడు. చెయ్యనిస్తాడా?" అంది చరిత. ఆమెకీ బయటపడాలనే ఉంది. "లైన్ మూగబోతే ఏమైందోనని పరిగెత్తుకొస్తారు. అబద్ధం చెప్పే లైన్ కోసం ఎవరూ రారు."

విశాలి కదులుతున్న గడియ వంక చూసింది. గోపి తనకీ తెలుసు. చెవి జూకా లాగి, దాని కొక్కేన్ని పంటితో తీగలా సాగదీసి చరితకిచ్చింది.

"తొరగా కానీ."

మొదటిసారి చెమట చేతుల్లో తీగ జారిపోయింది. రెండోసారి ఒక కొన ఎర్త్‌కి కలిసిన జాలీని తాకింది, రెండో కొన పిన్‌ని. కార్డు మీద ఎనిమిది లైన్ల లైట్లూ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. పచ్చ లైటు ఆరిపోయింది. గడియ సగంలో ఆగిపోయింది.

అంకెలు సున్నాకి చేరాయి. నల్ల బోర్డు చెప్పిన అబద్ధం ఆ గది దాటలేదు.

ఇద్దరూ నేల మీద పడి, తలుపు కింది సందుకి ముఖాలు ఆనించారు.

"సచ్చిపోతామేటి?"

"తెలీదు. నువ్వు మాట్లాడకు, గాలి మిగుల్తుంది."

ఎంతసేపైందో తెలియలేదు. బయట జీపులు, కేకలు, ఒక తుపాకీ చప్పుడు. కటింగ్ మెషీన్ తలుపుని కోసింది. వెలుతురు మీద పడగానే విశాలి చిన్నపిల్లలా ఏడ్చింది. రాడార్ మూగబోగానే గస్తీ బోట్లు బయల్దేరాయని, పేలుడు సామానుతో సహా బోటు సముద్రంలోనే దొరికిందని కూర్మనాథం కమాండోల వైర్‌లెస్‌లో చెప్పాడు. ధనరాజు చేతులకి బేడీలున్నాయి.

కమాండోల వెనకే లైన్‌మన్ హరిబాబు లోపలికొచ్చాడు. ర్యాక్ చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"జిల్లా సగం ఫోన్లు పోనాయి! ఎవులమ్మా ఈ పని సేసినోలు?"

ఏజెంట్లిద్దరూ ఏమాత్రం తడబడకుండా ఒకరినొకరు చూపించారు.